ఎరువు తెచ్చుకున్న చుక్క

మొన్న గాలివానకి మా డాబా మీది డిష్షు పక్కకి ఒరిగింది. మావారు పైన దాన్ని తిప్పుతున్నారు. కింద టీవీ ముందు మా అత్తగారు. మెట్ల మీద నిలబడి కబుర్లు మోసేది నేను. "వచ్చిందా?" అని ఆయన. "ఇంకా లేదు" అని ఆవిడ. "ఆఁ, వచ్చింది! కదపొద్దని చెప్పమ్మా!" అని ఆవిడ అరిచేలోపే బొమ్మ కాస్తా పోయింది.

మాది ఫ్రీ డిష్. దాని ఉపగ్రహం భూమధ్యరేఖకి పైన, ఇంచుమించు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. భూమితోపాటే తిరుగుతుంది కనక మనకి కదలని చుక్కలాగే లెక్క. మా హైదరాబాదు వాళ్ళకి అది ఆగ్నేయ మూల, అంటే వంటింటి మూలే అన్నమాట! గిన్నె ముఖం రెండు మూడు డిగ్రీలు పక్కకి తిరిగితే చాలు, బొమ్మ ఉండదు.

ఇలా ఒకేచోట నిలిచే ఉపగ్రహాలతో ప్రసారాలు చెయ్యవచ్చని 1945లోనే ఆర్థర్ సి. క్లార్క్ రాశాడు. మరి మన దేశంలో జనం టీవీ చూసేందుకు ఈ గిన్నెలు మొదట ఎక్కడికి వచ్చాయో తెలుసా? పట్నాల మేడల మీదికి కాదండీ, పల్లెటూళ్ళకి!

1975 ఆగస్టు 1న 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలు. మన తెలుగు పల్లెలూ వాటిలో ఉన్నాయి. పదడుగుల వెడల్పు గిన్నెలు, అవీ కోళ్ళ దొడ్లకి కట్టే ఇనపవలతో చేసినవి. ఊరందరికీ ఒక్క టీవీ. పొద్దున బడిపిల్లలకి పాఠాలు, సాయంత్రం సేద్యం, ఆరోగ్యం, ఆటపాటలు. హైదరాబాదు స్టేషను ప్రసారాలు 1977లోగాని మొదలవలేదు. పట్నం కంటే ముందు పల్లె చూసింది!

ఆ గిన్నెలు మాత్రం పడమటికి, కాస్త నైరుతికి ఒరిగి ఉండేవి. అప్పటి ఉపగ్రహం ఆఫ్రికా తూర్పు భాగానికి పైన ఉండేది మరి. అది మనది కాదు, అమెరికా వారి ఎ.టి.ఎస్.-6. ఏడాదికి ఎరువిచ్చారు. క్లార్క్‌గారి ముచ్చటా తీరింది. కొలంబోలో ఆయన ఇంటికి వెళ్ళి మన ఇంజనీర్లే ఒక గిన్నె అమర్చి వచ్చారు.

1976 జూలై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని తిరిగి అమెరికా వైపుకి జరుపుకున్నారు. ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా! తరవాత కొన్ని ఊళ్ళకి నేలమీది స్టేషన్ల ప్రసారాలు అందాయి. తక్కినవి ఎదురుచూశాయి. మన సొంత ఇన్సాట్-1బి 1983లోగాని పైకి వెళ్ళలేదు. ఏడేళ్ళు! ఆ టీవీలో పాఠాలు చూసిన ఎనిమిదేళ్ళ పిల్లకి ఈలోగా బడి మానిపించి పెళ్ళి చేసే ఈడు వచ్చేసి ఉంటుంది.

గంటసేపటికి మా బొమ్మ నిలబడింది. "అమ్మయ్య!" అని అత్తగారు సీరియల్లో పడిపోయారు. నాకు మాత్రం ఆ ఆగస్టు 1 సాయంత్రం అలవాటు కొద్దీ టీవీ దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళెవరైనా ఉంటారేమోననిపించింది. మా గిన్నె ఒరిగితే సరిచేసుకున్నాం, చుక్క అక్కడే ఉంది కనక. వాళ్ళ గిన్నె సరిగ్గానే ఉంది. చుక్కే వెళ్ళిపోయింది.