ఇంటి ముందు ఏ చెట్టు వేసుకోవాలి? తురాయి, రేల, పొగడ, కానుగల్లో ఎంపిక

తొలకరి పడగానే నర్సరీ నుంచి మొక్క తెచ్చి ఇంటి ముందు నాటుతాం. పంట ఎంపిక తప్పితే మరుసటి సీజన్‌లో మార్చుకోవచ్చు. చెట్టు ఎంపిక తప్పిందని తెలిసేసరికి పదేళ్లు గడిచిపోతాయి. గాలివాన నష్టం చూడటానికి ఊళ్లకు వెళ్లినప్పుడు పశువుల పాకల మీద విరిగిపడిన తురాయి కొమ్మలను చాలాసార్లు చూశాను. అందుకే పువ్వు ఒక్కటే కాదు, వేరు, కొమ్మ, నీడ కూడా చూసి ఎంచుకోండి.

తురాయి (గుల్మొహర్)
మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు. త్వరగా పెరిగి, వేసవిలో ఎర్రటి పూలతో నిండుతుంది. కొమ్మలు గొడుగులా పక్కలకు పరుచుకుంటాయి కానీ పెళుసు. వేర్లు పైపైనే పాకి అరుగులను, గచ్చును లేపుతాయి. ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. ఇంటికి, పాకకు, కరెంటు తీగలకు 30 అడుగుల దూరం ఉంటేనే వేసుకోవాలి.

రేల
మన అడవుల చెట్టే. ఎండాకాలంలో పసుపు పూల గుత్తులు వేలాడతాయి. నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. పూతకు ముందు ఆకు రాలుతుంది కాబట్టి ఇది అందానికే, నీడకు కాదు. కాయ గుజ్జు విరేచనాలు కలిగిస్తుంది. పిల్లలు తినకుండా చూడండి.

పొగడ
ఏడాదంతా పచ్చగా, దట్టంగా ఉంటుంది. రాలిన పూలు ఎండినా వాసన పోదు, మాల కట్టుకోవచ్చు. పెరుగుదల నెమ్మది. మొదటి రెండు మూడేళ్లు ఓపికగా నీరు పెట్టాలి.

కానుగ
చల్లని నీడ ఇస్తుంది. వేసవికి ముందు ఆకు రాల్చినా వెంటనే కొత్త చిగురు వేస్తుంది. రొట్ట పొలానికి పచ్చి ఎరువు, గింజలు నూనెకు పనికొస్తాయి. గింజలు తినకూడదు.

ఏది ఎక్కడ?
• చిన్న వాకిలి: పొగడ
• పశువుల పాక, కళ్లం పక్కన: కానుగ
• గేటు దగ్గర, అందం కోసం: రేల
• పొలం గట్టున ఖాళీ స్థలం: తురాయి
పొగడ, రేల, కానుగలను కూడా గోడకు కనీసం 15 అడుగుల దూరంలో నాటాలి.

నాటే విధానం
2 అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయాలి. పైమట్టిలో 10 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి కలిపి నింపాలి. జూన్, జులై నెలల్లో నాటి, ఊతకర్ర కట్టి, మేకలు మేయకుండా కంచె వేయాలి. తొలి వేసవిలో వారానికి రెండుసార్లు నీరు తప్పనిసరి.

ఇప్పటికే ఇంటి పక్కన తురాయి ఉంటే
వానాకాలానికి ముందే ఎండు కొమ్మలు, ఇంటి వైపు వాలిన కొమ్మలు తీయించండి. కరెంటు తీగల దగ్గరైతే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టండి. చెట్టు మొత్తం కొట్టాలనుకుంటే, వాల్టా చట్టం 2002 కింద అనుమతి కావాలేమో ముందుగా తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.