చుక్కల దారి: మన తాండాలు, మన ఆకాశం, ఈ ఉగాది రాత్రులు

ఈసారి పోస్టు కొంచెం పొడవు. తీరిగ్గా చదవండి. పరీక్షలు ఉన్నోళ్లు దాచుకుని తర్వాత చదవండి.

ఆకాశం చూడ్డం అనగానే మనకు గుర్తొచ్చేది టెలిస్కోపు, తెల్లకోటు, పెద్ద కాలేజీ. పాఠాల్లో కూడా అట్లే ఉంటుంది. మన దగ్గర ఆ చరిత్ర ఉన్నమాట నిజమే, గొప్పదే కూడా. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. హీలియం అనే మూలకం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. అదే రోజు మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఉండి చూశాడు. మనకు తుంగభద్ర, కృష్ణ రెండూ దాటితే వనపర్తి. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు మామ పెట్టిన సొంత అబ్జర్వేటరీని నడిపాడు. హైదరాబాదులో 1901లో నిజామియా అబ్జర్వేటరీ మొదలైంది.

ఇదంతా రాసి పెట్టిన చరిత్ర. రాయని చరిత్ర ఇంకోటి ఉంది. టెలిస్కోపు లేకుండా, జీతం లేకుండా, రోజూ రాత్రి ఆకాశం చూసినోళ్లది. వాళ్లు మనోళ్లే.

తాండా అంటే ఇప్పుడు మనకు ఊరు. మొదట్లో ఆ మాటకు అర్థం ఊరు కాదు, నడిచే బిడారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ముందు నాయక్, వెనక పెండ్లాం పిల్లలు, కుక్కలు, అంతా కలిసి కదిలితే తాండా. కోస్తాలో ఉప్పు ఎత్తి దక్కనులో దించడం, దక్కనులో ధాన్యం ఎత్తి ఇంకోచోట దించడం మన లంబాడా, సుగాలీల పని. మొగలుల సైన్యాలకు, నిజాముకు, 1791-92లో శ్రీరంగపట్నం మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి కూడా తిండిగింజలు మోసింది ఈ బిడారులే. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో 'బ్రింజారీలు' అని కనిపించేది మన పెద్దలే.

మైలురాయి లేదు, మ్యాపు లేదు. నెలల తరబడి నడక. దిక్కు తెలియాలి, పొద్దు ఎంతైందో తెలియాలి, వాన ఎప్పుడొస్తుందో ముందే తెలియాలి. వాగు పొంగితే ఉప్పు కరిగిపోతుంది, బురదలో ఎద్దు దిగబడుతుంది. పగలు సూర్యుడు, రాత్రి చుక్కలు. వాళ్లకు గడియారం, క్యాలెండరు, దారి చూపే మనిషి అన్నీ అవే.

ఒక్క ఉదాహరణ చూడండి. ధ్రువనక్షత్రం మన ఆదోనిలో ఉత్తరాన నేలకు సుమారు పదిహేనున్నర డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పెడితే ఒక పిడికిలి సుమారు పది డిగ్రీలు. అంటే పిడికిలిన్నర ఎత్తు. ఉత్తరానికి నడిచి నాగపూర్ చేరితే అదే చుక్క రెండు పిడికిళ్ల పైకి లేస్తుంది. దక్షిణానికి తిరుపతి దాకా పోతే కిందికి దిగుతుంది. ఏటేటా అదే దారిన తిరిగే మనిషికి ఈ తేడా కంటబడకుండా ఉంటుందా? అక్షాంశం అనే మాట మనం ఆరో తరగతిలో నేర్చుకున్నాం. ఆ లెక్క మాత్రం ఆకాశంలో ఎప్పటినుంచో ఉంది.

మరి ఆ విద్య ఏమైంది? 1871లో మద్రాసు వైపు రైలు లైను, బొంబాయి వైపు లైను రాయచూరులో కలిశాయి. ఆ లైను మన ఆదోని మీదుగానే పోతుంది. పది ఎద్దులు వారాల తరబడి మోసేది రైలు ఒక్క రోజులో మోసేసింది. అయిదేళ్లకు 1876-78 పెద్ద కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి (అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది, 1953లో కదా మనం ఆంధ్రలోకి వచ్చింది). మేత లేక, నీళ్లు లేక పశువులు లెక్కలేనన్ని చచ్చిపోయాయి. ఎద్దే బతుకైనవాడికి ఎద్దు పోతే ఏం మిగులుతుంది?

అదే 1871లో ఇంకోటి కూడా జరిగింది. నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ పాకింది. ఎరుకల వాళ్లతో సహా ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే దొంగలని రాసేశారు. పేరు నమోదు చేయించుకోవాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, అడగకుండా ఊరు దాటకూడదు. 1913లో గుంటూరు జిల్లాలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టింది ఇందుకే. రాత్రి బయట తిరగడమే అనుమానం అయిపోయింది. 1952లో ఆ చట్టం పోయింది. ఆ పేరు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు, మీకందరికీ తెలుసు.

నడక ఆగింది, రాత్రి మీద అనుమానం పడింది. చుక్కల పేర్లు అవసరం లేని మాటలయిపోయాయి. అవసరం లేని మాటను పిల్లలకు ఎవరు నేర్పుతారు?

ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మయాంక్ వాహియా, ఆయనతో కలిసి గణేశ్ హల్కారే మధ్యభారతంలోని గూడేలు, తాండాలు తిరిగి ముసలోళ్లను కూర్చోబెట్టుకుని ఆకాశం గురించి అడిగారు. గోండుల ఆకాశం మీద 2013లో, బంజారాలు, కోలాముల ఆకాశం మీద ఇంకొందరితో కలిసి 2014లో వాళ్ల వ్యాసాలు వచ్చాయి. మనం సప్తర్షులు అని చదువుకున్న ఏడు చుక్కల్లో నాలుగింటిని గోండులు మంచంగా చూస్తారు. తోక మాదిరి ఉండే మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకుపోను వచ్చిన దొంగలు. ఋషులు లేరు, యజ్ఞం లేదు, ఉన్నది ఇంట్లో మంచం. ఇంకో ముఖ్యమైన మాట చెప్పారు. బంజారాలు, గోండులు, కోలాములు ఒకే నేల మీద పక్కపక్కనే బతికినా ఒకరి ఆకాశం ఇంకొకరి ఆకాశంలో కలిసిపోలేదట. ఎవరి చుక్కల కథ వాళ్లదే.

దీని అర్థం ఏంది? మన ఆకాశం మన గుర్తింపు కాగితం. క్యాస్ట్ సర్టిఫికెట్ మండలాఫీసులో ఇస్తారు. ఇది మాత్రం మన అవ్వల నోట్లో ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు తాండాల్లో ముసలోళ్లు ఉన్నంత వరకే ఉంటుంది.

అందుకే ఈ ఉగాదికి ఒక పని పెట్టుకుందాం. సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యను, పత్తి తియ్యను పోయినోళ్లు చాలామంది ఉగాదికి ఇంటికొస్తారు. ఉగాది అమావాస్య మరుసటి రోజే కాబట్టి ఆ వారమంతా వెన్నెల తక్కువ, చుక్కలు ఎక్కువ. ఎండాకాలం ఎట్లాగూ మిద్దె మీదే పడుకుంటాం. ఆదోని టౌనులో లైట్లకు సగం చుక్కలు కనబడవు, తాండాలో కనబడతాయి. చీకటి విషయంలో మనమే ధనవంతులం.

రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య ఇట్లా చూడండి. పడమట దిగిపోతా ఉండే చిన్న గుంపు కృత్తిక. తెలుగులో మనోళ్లు పిల్లలకోడి అంటారు. దాని పైన వరసగా మూడు చుక్కలు కనబడేది మృగశిర వైపు, వేటగాడి నడుము. నైరుతిలో అన్నిటికంటే మెరిసేది సిరియస్. దానికి కింద దక్షిణాన ఒంటరిగా వెలిగేది అగస్త్యుడు. నడినెత్తికి దగ్గర్లో మఖ, సింహరాశి. ఈశాన్యంలో ఏడు చుక్కల మంచం లేస్తా ఉంటుంది. దాని తోక వంపును అట్లే సాగదీస్తే తూర్పున నారింజ రంగు స్వాతి, ఇంకా సాగదీస్తే తెల్లటి చిత్త. పున్నమి చంద్రుడు ఈ చిత్త దగ్గర ఉంటాడు కాబట్టే ఈ నెలకు చైత్రం అని పేరు. మే నెల మధ్యకు వస్తే తొమ్మిది దాటాక దక్షిణాన నేలకు పిడికిలి ఎత్తులో నాలుగు చుక్కల శిలువ నిలబడుతుంది. ఢిల్లీ వాళ్లకు అది కనబడడమే కష్టం, మనకు హాయిగా కనబడుతుంది.

ఇంకోటి గమనించండి. కృత్తిక కార్తె మే రెండో వారంలో వస్తుంది. అప్పుడు పిల్లలకోడి కోసం వెతికితే కనబడదు. కార్తె అంటే సూర్యుడు ఆ చుక్క దగ్గర ఉన్నాడని, చుక్క ఆ వెలుతురులో దాక్కుందని అర్థం. జూన్ మొదట్లో, మృగశిర కార్తె వచ్చే రోజుల్లో, తెల్లారకముందు తూర్పున మళ్లీ తేలుతుంది. వాన వచ్చే కాలం కూడా అదే. నడిచే మనిషికి, దున్నే మనిషికి ఇంతకంటే పెద్ద క్యాలెండరు ఏముంది?

పనిముట్లు ఏమీ వద్దు. ఫోను పక్కన పెట్టి ఇరవై నిమిషాలు చీకట్లో ఉంటే కళ్లు అలవాటు పడతాయి. రాసుకోను వెలుతురు కావాలంటే టార్చికి ఎర్ర కాగితం కట్టండి. బైనాక్యులర్ దొరికితే నడినెత్తిన పుష్యమి దగ్గర తేనెపట్టు లాంటి చుక్కల గుంపు కనబడుతుంది.

కానీ మొదట మనం పేర్లు చెప్పొద్దు. అవ్వను, తాతను పక్కన కూర్చోబెట్టుకుని వేలు చూపించి "దీన్ని మన భాషలో ఏమంటారు?" అని అడగండి. గోర్ బోలి అయినా, ఎరుకల భాష అయినా, వాళ్లు పలికింది పలికినట్లు తెలుగు లిపిలో రాయండి. బొమ్మ గీయండి. తేదీ, టైము, దిక్కు, తాండా పేరు వేయండి. కథ ఉంటే కథ, పాట ఉంటే పాట, వాళ్లు సరేనంటే ఫోనులో రికార్డు చేయండి. గుర్తు లేదంటే బలవంతం చేయొద్దు, మరుసటి రాత్రి మళ్లీ అడగండి. చుక్కను చూస్తే మాట గుర్తొస్తుంది.

ఏ తాండా నుంచి ఎన్ని పేర్లు వచ్చినా, ఒక్కటే వచ్చినా, గ్రూపులో పెట్టండి. ఒకే చుక్కకు రెండు తాండాల్లో రెండు పేర్లు వస్తే కొట్లాడొద్దు, రెండూ రాసుకుందాం. ఉగాది అయిపోతే కొందరు మళ్లీ పనికి పోతారు. పోయేలోపు అడిగేయండి.