గోడ మీది వెలుగు: తల్లాప్రగడ సుబ్బారావు వాదం

చైతన్యం మెదడులోనే పుడుతుందా, లేక వేరే మూలం నుంచి వచ్చి మెదడు ద్వారా వ్యక్తమవుతుందా? ఈ వాదులో రెండో పక్షాన నిలిచినవారిలో గోదావరి జిల్లాకు చెందిన తల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1856 జూలై 6న నియోగి కుటుంబంలో పుట్టారు. ఆరు నెలల పసికందుగా ఉండగానే తండ్రి పోతే, పిఠాపురం రాజావారి దివానుగా ఉన్న మేనమామ పెంచారు. కాకినాడ హిందూ స్కూలు, ఆపైన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, 1876లో బి.ఏ. బరోడాలో కొంతకాలం హైకోర్టు రిజిస్ట్రారుగా ఉండి, మద్రాసు తిరిగొచ్చి వకీలయ్యారు. దివ్యజ్ఞాన సమాజంతో (థియోసాఫికల్ సొసైటీ) పరిచయం అయ్యేదాకా తన కొడుకు నోట వేదాంతం మాటే వినలేదని తల్లి చెప్పిందట.

ఆ సమాజాన్ని నడిపిన బ్లావట్‌స్కీ, ఆల్కాట్ 1882లో మద్రాసు వచ్చారు. ఏడాది చివరికల్లా కేంద్రం అడయారుకు మారింది. 1886 డిసెంబరులో అక్కడి వార్షిక సభల్లో సుబ్బారావు భగవద్గీత మీద వరసగా ఉపన్యాసాలిచ్చారు. వాటిలో ఆయన చెప్పిన పోలిక ఇది. సూర్యకాంతి ఒక స్వచ్ఛమైన అద్దం మీద పడి, అక్కడినుంచి మెరుగుపెట్టిన లోహపు రేకు మీదికి, రేకు నుంచి గోడ మీదికి చేరుతుంది. అద్దం కారణ శరీరం, రేకు సూక్ష్మ శరీరం, గోడ స్థూల శరీరం. ఒక్కో మెట్టు దిగేకొద్దీ వెలుగు మసకబారుతుంది. మెదడు ఈ లెక్కన గోడలో భాగం. వెలుగు దాని సొంతం కాదు.

ఆ ఉపన్యాసాల్లోనే, మనిషిని ఏడు తత్త్వాలుగా సమాజం చేసే విభజన అశాస్త్రీయమని ఆయన అనేశారు. 1887లో సమాజం పత్రిక ‘థియోసఫిస్ట్’లో బ్లావట్‌స్కీకీ ఆయనకూ రాతల్లోనే వాగ్యుద్ధం నడిచింది. సుబ్బారావు పట్టింది తారక రాజయోగ మార్గం: మూడు ఉపాధులు, అంటే చైతన్యం పనిచేసే ఆధారాలు, వాటికి అతీతంగా ఆత్మ. మనిషి ప్రాణం పోకుండా విడదీయగలిగినవే వేరు ఉపాధులు; జాగ్రత్, స్వప్న, సుషుప్తులకు సరిపోయేవి మూడే. వకీలు బుర్రకు తగిన గీటురాయి. పైకి అంకెల తగవులా కనిపించినా, అసలు పేచీ చైతన్యానికి ఆధారాలుగా వేటిని లెక్కించాలన్నదే.

1888లో ఆయన సమాజాన్ని వదిలారు. ఒళ్లంతా వ్యాపించిన చర్మవ్యాధితో 1890 జూన్ 24న పోయారు. అప్పటికి వయసు 34 నిండలేదు.

ఏడేళ్ల తరవాత, 1897లో హార్వర్డ్‌లో విలియం జేమ్స్ ఇంచుమించు ఇదే మాట మనస్తత్త్వశాస్త్రం వైపు నుంచి చెప్పారు. మెదడు పని ఉత్పత్తి మాత్రమే కానక్కర్లేదు, రంగుటద్దం వెలుగును పంపినట్టు ప్రసారమూ కావచ్చునన్నారు. తలకు దెబ్బ తగిలితే స్పృహ పోవడం రెండు పక్షాలకూ పనికొచ్చే సాక్ష్యమే: దీపం ఆరినా, అద్దం పగిలినా గోడ మీద మిగిలేది చీకటే.