కనీస వేతనం కొలిచేది దేన్ని? అండమాన్ కూలి చరిత్ర

కనీస వేతనంతో సరిపెట్టే యజమాని పనివాడికి ఎంత విలువ కడుతున్నట్టు? ఈ ప్రశ్నకు జవాబు మనం మామూలుగా బజారులో వెతుకుతాం: పనికి గిరాకీ ఎంత, చేసేవాళ్లు ఎంతమంది దొరుకుతారు అని. అండమాన్ దీవుల చరిత్ర వేరే జవాబు చెబుతుంది. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ (నేటి శ్రీ విజయపురం) చేరిన నాటి నుంచి చాలాకాలం అక్కడ పని చెప్పేదీ, తిండి పెట్టేదీ, శిక్ష వేసేదీ ఒక్క సర్కారే. పనివాళ్లను ఎక్కడి నుంచి తేవాలో కూడా అదే తేల్చేది. బేరసారాల ముసుగు లేని ఆ చోట ఒక సంగతి తేటగా కనబడుతుంది. కూలిని నిర్ణయించింది పని విలువ కాదు; ‘ఈ కూలికి నేను చెయ్యను’ అనగల సత్తా పనివాడికి ఎంత ఉందన్నదే.

అడవులు నరికింది, రోడ్లు వేసింది, 1896 నుంచి 1906 దాకా సెల్యులార్ జైలు కట్టింది ఖైదీలే. 1879-80 రంపా పితూరీలో శిక్షపడిన మన్యం మనుషులు కొందరు ఆ దీవులకే చేరారు. జైల్లో గానుగకు కట్టిన ఖైదీ రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తియ్యాలి; తగ్గితే శిక్ష. 20వ శతాబ్ది మొదట్లో అమలైన పద్ధతి ప్రకారం కొత్త ఖైదీ ఆరు నెలలు ఒంటరి కొట్లో, ఏడాదిన్నర తోటివాళ్లతో జైల్లో, మరి మూడేళ్లు బారకాసుల్లో గడపాలి. అప్పటిదాకా బయట ముఠాల్లో ఎంత చాకిరీ చేసినా ప్రతిఫలం సున్నా. ఆ తర్వాత అయిదేళ్లు చిల్లర ఖర్చులకు సరిపడే భత్యం. పదేళ్లు నిండాక సొంతంగా సాగు చేసుకుని బతకడానికి అనుమతి. నూనెను పౌన్లలో తూచగలిగిన సర్కారుకు శ్రమ విలువ లెక్కగట్టడం రాక కాదు. గానుగ తిప్పినదానికి కాకుండా అణకువకు, గడిపిన ఏళ్లకు ప్రతిఫలం ముడిపెట్టింది. వాళ్లు నేరస్థులు, శిక్షను కూలితో పోల్చడమేమిటని అడగవచ్చు. స్వేచ్ఛ పోగొట్టుకోవడం శిక్షే. కానీ ఆ చేతులు తీసిన నూనె, కట్టిన గోడలు శిక్షతో పాటు ఆవిరి కాలేదు, సర్కారు ఆస్తిగా నిలిచాయి. ఖైదీ చేత కూలి లేకుండా పనిచేయించుకోవడం తప్పని 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, వాళ్లకు న్యాయమైన కూలి దక్కాలని 1998లో సుప్రీంకోర్టు చెప్పాయి.

పోనీ, స్వేచ్ఛ ఉన్న కూలీల సంగతి? 1883లో చాథమ్‌లో రంపపు మిల్లు పెట్టాక అంతులేనంత కలప పని పుట్టింది. 1918 నుంచి అటవీశాఖ రాంచీ ప్రాంతపు ఆదివాసులను ఒప్పందాల మీద రప్పించింది. స్వాతంత్ర్యం తర్వాత రేవులకు, రోడ్లకు, భవనాలకు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లు ఓడెక్కారు. జంగ్లీఘాట్ చుట్టుపక్కల తెలుగు మత్స్యకారులు స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనంలో సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా ఉన్నవారు. వీళ్లెవరినీ ఎవరూ సంకెళ్లు వేసి తీసుకురాలేదు, ఊళ్లో దొరికే కూలి కన్నా మేలనే వచ్చారు. ఆ మాట నిజమే. అయితే అక్కడి కూలికి కొలబద్ద అయింది అండమాన్ పని కాదు, వాళ్లు వదిలివచ్చిన ఊళ్లలోని కరువు. దీవుల్లో మనుషులు చాలకపోతే కూలి పెంచే బదులు, తక్కువకు వచ్చేవాళ్లున్న ఇంకో తీరం నుంచి దింపుకోవచ్చు. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులకు ప్రభుత్వం సాగుభూమి ఇచ్చి నిలబెట్టింది. అడవి కొట్టిన రాంచీ కూలీల్లో చాలామందికి అలాంటి భూమి దక్కలేదు. సొంత పొలమున్నవాడు తక్కువ కూలికి పోనని చెప్పగలడు, రేపటి తిండి కూలిమీదే ఆధారపడినవాడు చెప్పలేడు.

1948 కనీస వేతనాల చట్టం గొప్పదనం ఈ లెక్కను తిరగేయడంలో ఉంది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కూలిని పనివాడి ఇంటి నుంచి లెక్కపెట్టింది: ముగ్గురు పెద్దవాళ్లకు సరిపడే తిండి, మనిషికి 2700 కేలరీలు, ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు. పిల్లల చదువు, వైద్యం, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు అంది. అంత ఇచ్చుకోలేని పరిశ్రమ మూతపడితే ఉన్న కూలి కూడా పోతుంది కదా అనే వాదన పాతదే. కనీస వేతనమైనా ఇవ్వలేని పరిశ్రమకు బతికే హక్కు లేదని 1957లోనే సుప్రీంకోర్టు బదులిచ్చింది. ఇంకాస్త ముందుకెళ్లి, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టేనని 1982లో ఆసియాడ్ నిర్మాణ కూలీల కేసులో తేల్చింది. ఆకలి కూడా బలవంతమేనని దాని సారం.

అయినా కింది హద్దుగా గీసిన గీతను పైహద్దుగా చదువుకోవడం ఆగలేదు. ఒకే రకం పని చేసే రోజుకూలీలకు స్థిర ఉద్యోగి మూల వేతనంలో ముప్పయ్యో వంతు, దానిపై కరువు భత్యం ఇవ్వాలని కేంద్రం 1988 జూన్‌లోనే ఉత్తర్వు వేసింది. అయినా అండమాన్ పరిపాలన కింద రోజుకూలీలుగా (డైలీ రేటెడ్ మజ్దూర్లు) పనిచేసే సుమారు 4,000 మంది పెంచిన కూలి, కరువు భత్యం కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2022 డిసెంబరు 19న కలకత్తా హైకోర్టు ఇచ్చిన ఆదేశం అమలు కాలేదని 2023 ఆగస్టులో అదే కోర్టు ప్రధాన కార్యదర్శిని సస్పెండ్ చేసి, లెఫ్టినెంట్ గవర్నర్‌కు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. మర్నాడే సుప్రీంకోర్టు ఆ చర్యలపై స్టే ఇచ్చింది. అధికారులపై ఆ శిక్ష తగునా అన్నది వేరే తగవు. మన ప్రశ్న చిన్నది: ఒకే రోడ్డు మీద ఒకే పని చేసే ఇద్దరికి రెండు కూలులు ఎందుకు? పరీక్ష రాసి ఎంపిక కాలేదు కదా అంటారు. ఎంపికను బట్టి ఉద్యోగ భద్రత మారవచ్చు, ఆ రోజు మోసిన తట్ట బరువు మారదు.

అరకొర గిరాకీతో నెట్టుకొచ్చే చిన్న దుకాణదారు కనీస వేతనమే ఇస్తే అది తృణీకారమని తేల్చెయ్యలేం. తనకు మిగిలేదీ అంతంతే కావచ్చు. ఇవ్వగల స్తోమతు ఉండీ, పనివాడు మరో చోటికి పోలేడన్న ధీమాతో ఆ గీత దగ్గరే ఆగిన యజమాని సంగతి వేరు. అతను పనికి వెల కట్టడం లేదు, అవతలివాడి నిస్సహాయతను లెక్కవేస్తున్నాడు. చట్టం ఆ నిస్సహాయతకు ఒక కింది హద్దు పెట్టగలదు గానీ, యజమాని చేత పనికి విలువ కట్టించలేదు. ఆ విలువ కట్టించేవి కాదనగల సత్తానిచ్చే భూమి, సంఘం, కోర్టు గడప. కాబట్టి కనీస వేతనం ఎంత పెంచామన్న లెక్కతో పాటు, కాదన్న పనివాడు మర్నాడు ఎలా బతుకుతాడన్న లెక్కా ప్రభుత్వం వెయ్యాలి. తానే పెద్ద యజమాని అయిన చోట మరీను.