పిల్లల్లో దవడ కీలు అంకైలోసిస్

చెవికి సరిగ్గా ముందు, కింది దవడ పుర్రెతో కలిసేచోట ఉండే కీలు అతుక్కుపోయి నోరు తెరుచుకోని స్థితిని దవడ కీలు అంకైలోసిస్ అంటారు. పెద్దవాళ్లకు ఇది తినడానికి, మాట్లాడడానికి ఇబ్బంది. ఎదిగే పిల్లల్లో మాత్రం ముఖం ఆకృతే మారిపోతుంది.

కింది దవడ పైకొనను కాండైల్ అంటారు. దాని మీది మృదులాస్థి కొత్త ఎముకను పుట్టిస్తూ దవడను పొడిగిస్తుంది. దవడ పెరుగుదల అంతా దీని చేతుల్లోనే ఉందని ఒకప్పుడు నమ్మేవారు. నమలడం, ఊపిరి తీయడం వంటి పనులే ఎముకను పెంచుతాయని 1960లలో మెల్విన్ మాస్ వాదించారు. అంకైలోసిస్‌లో మృదులాస్థీ దెబ్బతింటుంది, కదలికా ఆగిపోతుంది. వైకల్యం అంత తీవ్రంగా ఉండేది అందుకే.

గడ్డం నేలకు కొట్టుకునేలా పడడం ముఖ్య కారణం. పైగాయానికి కుట్లు వేసి పంపేస్తే లోపల విరిగిన కాండైల్ సంగతి బయటపడదు. గడ్డం చిట్లిన ప్రతి బిడ్డకూ చెవి ముందు నొప్పి ఉందా, నోరు మునుపటిలా తెరుచుకుంటోందా అని చూసి తీరాలి. చెవిలో చీము కీలుకు పాకడం మరో కారణం. పిల్లల కీళ్లవాతం కొన్నిసార్లు నొప్పి తెలియకుండానే కాండైల్‌ను తినేస్తుంది.

జబ్బు ఒక వైపే ఉంటే గడ్డం ఆ వైపుకే ఒరుగుతుంది. చూసేవాళ్లు పొరబడేది ఇక్కడే. జబ్బు వైపు చెంప నిండుగా, బాగున్న వైపు చెంప చదునుగా కనిపిస్తాయి. పై దవడ కూడా జబ్బు వైపు కిందికి పెరగలేక పళ్ల వరుస ఏటవాలవుతుంది. రెండు వైపులా ఉంటే గడ్డం వెనక్కిపోయి ముఖం పక్షి ముఖంలా మారుతుంది. నాలుక వెనక్కి జరిగి గాలిదారి ఇరుకై, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. అలాంటి బిడ్డ గురకను గాఢనిద్ర అనుకోవడం ప్రమాదం.

అతుక్కున్న ఎముకను శస్త్రచికిత్సతో తొలగించి, మళ్లీ అతుక్కోకుండా కణత కండరపు పొరను మధ్యలో పరుస్తారు. పిల్లల్లో పక్కటెముక, దాని మృదులాస్థి ముక్కతో కొత్త కాండైల్ కూర్చే పద్ధతి ఉంది. అయితే అది ఒక్కోసారి పెరగదు, ఒక్కోసారి మంచి వైపును మించి పెరుగుతుంది. దవడను కోసి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగదీసే డిస్ట్రాక్షన్ పద్ధతిని పిల్లల కింది దవడకు వాడిన ఫలితాలను 1992లో జోసెఫ్ మెకార్తీ బృందం ప్రచురించింది. ఏ పద్ధతైనా ఆపరేషన్ తర్వాత నెలల తరబడి నోరు తెరిచే వ్యాయామం తప్పదు. నొప్పికి భయపడి బిడ్డ మానేస్తే కీలు మళ్లీ అతుక్కునే ప్రమాదం ఎక్కువ.