నిప్పులమీది చేప, పంక్తిలోని చోటు

నెల్లూరను పేరు విన్నంతనే ఎవరికైనను చేపల పులుసు జ్ఞప్తికి వచ్చును. మామిడికాయ ముక్కలు వేసి, మట్టిచట్టిలో కాచి, మరునాటి వరకు నిలువయుంచి తినెడు ఆ పులుసు కీర్తి మిక్కిలి దూరము వ్యాపించినది. దాని ప్రక్కనే, ఏ కీర్తియు లేక, చట్టితో పనియే లేక, వట్టి నిప్పులమీద కాలెడు చేప యొకటి ఈ తీరమున అనాదిగా కలదు. మైపాడు వైపు సముద్రతీరమున రేకుల పందిళ్ల క్రింద నడచు చిన్న భోజనశాలలలో నేడు దానిని బల్లల చుట్టు కూర్చుండి నలుగురును తినుచున్నారు. కొందరు దుకాణదారులు పలకపై ‘బార్బెక్యూ’ అని వ్రాయించిరి. ఆ మాట కరీబియను దీవుల ఆదివాసులది. స్పానిషువారి నోటబడి, ఇంగ్లీషులో చేరి, ఇంతదూరము వచ్చినది. మాట పరాయిదైనను పని మనకు క్రొత్త కాదు.

మాంసమును చువ్వలకు గ్రుచ్చి కాల్చుటను సంస్కృతమున శూల్యమనియు, భడిత్రమనియు అందురు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున కూర్చిన మానసోల్లాసమున రాజభోజనములలో దీనికిని చోటు కలదు. మనకు ఇంకను దగ్గరి సాక్ష్యము శ్రీకాళహస్తిలోని తిన్నని కథ. వేటాడి తెచ్చిన మాంసమును అతడు నిప్పులపై కాల్చి, తాను రుచిచూచి, మేలైన ముక్కలేరి శివునకు నివేదించెను. 12వ శతాబ్దిలో సేక్కిళారు తమిళమునను, 16వ శతాబ్దిలో ధూర్జటి తెలుగునను ఈ కథ చెప్పిరి. మరునాడు వచ్చిన పూజారి ఆ ముక్కలను చూచి, మైలపడినదని కుమిలి, గర్భాలయమును కడిగించుకొనెను. ఆ కథలో తగవు రుచిని గూర్చి కాదు. ఎవరి చేతి కూడు ఎవరు ముట్టవచ్చునన్నదే తగవు. ఆ గుడి ప్రక్కన పారు స్వర్ణముఖి మన తీరముననే సముద్రమున కలియుచున్నది.

డబ్బిచ్చి భుజించుటయు పాత సంగతియే. ఓరుగంటి వీథులను వర్ణించు క్రీడాభిరామమున లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నము, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు దొరకినవి. చదువుచుండగనే ఆకలి పుట్టించు పట్టిక అది! అయినను పూటకూటి యిల్లు ఎవరిదో, పంక్తిలో కూర్చుండుటకు ఎవరు తగుదురో ఆ కాలమువారు అడుగకయే ఎరుగుదురు. తరువాత పట్టణములలో కాఫీ హోటళ్లు వెలసెను. బ్రాహ్మణులకు లోపలి గది, ఇతరులకు వెలుపలి బల్ల. మరికొందరికి ఆ బల్లయు లేదు. వాకిట నిలిచి, విడిగా నుంచిన గ్లాసులో టీ త్రాగి, దానిని తామే కడిగి పెట్టవలెను. శ్రోతలలో పెద్దలకు ఈ రెండు గ్లాసుల పద్ధతి జ్ఞాపకముండకపోదు.

1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనుల ప్రవేశమునకై పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష పూనిరి. ప్రత్యేకాంధ్రమునకై ప్రాణమర్పించిన దీక్షను ఎల్లరును తలతురు. ఈ దీక్షను తలచువారు తక్కువ. 1950లో రాజ్యాంగము హోటళ్ల తలుపులు అందరికిని తెరువవలెనని శాసించెను. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము ఇంకొక అడుగు వేసి, హోటలులోని పాత్రలను వాడుకొను హక్కును గూడ పేర్కొనెను. గ్లాసు పేరెత్తకయే గ్లాసును గూర్చి చెప్పిన చట్టమది.

ఇక నిప్పుల మాట. 1835లో కంపెనీ ప్రభుత్వము శ్రీహరికోట దీవిని స్వాధీనపరచుకొనెను. అచటి అడవి కట్టెలు కాలువ పడవలపై చెన్నపట్టణపు పొయ్యిలకు పోయెడివి. అడవిలో శ్రమించినవారు యానాదులు. దుంపలు, తేనె, చేపలు వారి జీవనాధారము. చట్టి లేనిచోట నిప్పే వంటయిల్లు గదా! నాగరికులు ఆ తిండిని చూచి జాలిపడిరేగాని, రుచి యడిగినవారు అరుదు.

ఇటీవల ఒక సాయంకాలము మేము తీరమున ఒక పందిటిలో కూర్చుంటిమి. పొయ్యికడనున్న మనిషి వంజరపు ముక్కలకు గాట్లు పెట్టి ఉప్పు, కారము, పసుపు, నిమ్మరసము పట్టించెను. సరుగుడు బొగ్గులు భగ్గుమనుచుండగా వేయలేదు. మంటపై వేసినచో చేప పైన మాడి లోన పచ్చిగా నుండును. మంట చల్లారి, నిప్పులపై బూడిద కమ్మువరకు ఓపికగా కాచుకొనెను. ఈ పని ఎవరు నేర్పిరని యడిగితిమి.

“మా అవ్వ ఇట్టనే కాల్చేది సామీ. అయితే ఓటల్లో కూసోని తినేది యాడ?” అనెను.

మా బల్లవద్ద ఒక లారీ డ్రైవరు, ఇద్దరు బడిపంతుళ్లు, ఒక రొయ్యల వ్యాపారి ఉండిరి. ఎవరి కులమును ఎవరును అడుగలేదు. చేప చల్లారునేమో యన్న తొందర తప్ప మరియొక చింత కానరాలేదు.

గిరాకి తగ్గినపిమ్మట అతడును ఒక ముక్క ఆకులో పెట్టుకొని బల్ల చివర కూర్చుండెను. నీళ్లకై లేచి, గోడగూటిలో విడిగానున్న గ్లాసును తీసికొనెను. త్రాగి, కడిగి, మరల అచ్చటనే బోర్లించెను. బల్లపై గ్లాసులుండగా అదేలయని యడిగితిమి. అతడు నవ్వి, విసనకఱ్ఱ అందుకొని, ఆరిపోవుచున్న బొగ్గులను విసరసాగెను.