కాలినడక హజ్‌కు తొలి అడుగు ఎక్కడ?

కాలినడకన హజ్ చేస్తానని మొక్కుకున్న వ్యక్తి ఏ చోటినుండి నడవాలి? ఈ ప్రశ్న ఫిఖహ్ గ్రంథాలకు కొత్తది కాదు. హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో పరమపదించిన ఇమామ్ మర్గీనానీ తమ 'హిదాయా'లో రెండు అభిప్రాయాలను పేర్కొన్నారు. ఇహ్రామ్ ధరించిన చోటినుండి అన్నది మొదటిది. సొంత ఇంటినుండి అన్నది రెండవది. అలా మొక్కుకున్నవాని ఉద్దేశం సాధారణంగా అదేనని దానికి హేతువు చూపారు.

ఎడారి దారిన వచ్చేవారికి ఈ రెంటి మధ్య తేడా కొన్ని మజిలీలదే కావచ్చు. నెల్లూరు తీరవాసి విషయంలో అలా కాదు. అతని సముద్రం తూర్పున, మక్కా పడమర. ఓడ ఎక్కితే కన్యాకుమారిని చుట్టి పోవాలి. హిందూదేశం నుండి సముద్రమార్గాన వెళ్లేవారికి మీఖాత్ యలమ్‌లమ్. ఓడ దాని సరిసమానానికి చేరినప్పుడు ఇహ్రామ్ ధరించడం ఆచారం. అక్కడ నడవడానికి నేల లేదు. కనుక మొదటి అభిప్రాయం ప్రకారం అతని నడక జిద్దా నుండి మక్కాకు గల సుమారు 80 కిలోమీటర్లకూ, హజ్ విధులకూ పరిమితమవుతుంది. రెండవ అభిప్రాయం ప్రకారం ఇంటి గుమ్మం నుండి రేవు వరకు వేసిన ప్రతి అడుగూ మొక్కులో భాగమే.

ఆ రేవు ఏది? 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు మచిలీపట్నం. అక్కడినుండి మక్కా వైపు ఓడలు సాగేవని ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే వ్రాశాడు. 1640లలో మీర్ జుమ్లా దండయాత్రలతో ఉదయగిరి ప్రాంతం కూడా గోల్కొండ వశమైంది. నెల్లూరు నుండి ఆ రేవుకు నడిచేవాడు కృష్ణానదిని దాటాలి. దక్షిణాన మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు. దక్కను మీదుగా పడమటి తీరం చేరితే 'మక్కా ద్వారం'గా పేరొందిన సూరత్ ఉంది.

ఎంపికలో గాలి మాట కూడా చెల్లేది. ఈశాన్య ఋతుపవనాలు ఓడలను పడమరకు తీసుకుపోతే, నైఋతి గాలులు తిరిగి తెచ్చేవి. గాలులు సౌరమానాన్ని అనుసరిస్తాయి. హజ్ చాంద్రమానాన్ని అనుసరించి ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అందుచేత కొన్ని సంవత్సరాలలో హజ్‌కు ఎన్నో నెలల ముందే ఇల్లు విడవవలసి వచ్చేది. ఆవిరి ఓడల కాలంలో బొంబాయి ముఖ్య రేవయింది. 1995తో భారతదేశం నుండి హజ్ ఓడల ప్రయాణం ముగిసింది.

కేరళలోని మలప్పురం జిల్లావాసి శిహాబ్ చోట్టూర్ 2022 జూన్‌లో స్వగ్రామం నుండి నడక ఆరంభించి 2023లో మక్కా చేరారు. అటువంటి వార్తలు విన్న పేదవాడు, తాను నడవలేకపోతే తన హజ్ తక్కువదేమోనని దిగులుపడరాదు. కాబాకు నడిచి వెళ్లాలని మొక్కుకుని, ఇద్దరు కొడుకుల ఆసరాతో ఈడ్చుకుంటూ పోతున్న వృద్ధుణ్ణి చూసి దైవప్రవక్త (స) అతణ్ణి వాహనమెక్కమని ఆజ్ఞాపించిన సంగతి బుఖారీలో ఉంది.

మీఖాత్ ఇహ్రామ్‌కు హద్దు, ప్రయాణానికి ఆరంభం కాదు. ఆరంభస్థానానికి ప్రత్యేక పవిత్రతను షరీఅత్ విధించలేదు. కృష్ణపట్నం చెంత గుడిసె గుమ్మమైనా, మహానగరపు మేడ గుమ్మమైనా ఈ విషయంలో సమానమే.